వింత యూహలు – వాని పరీక్ష

ఇంగ్లండు దేశమునందలి బి. బి. సి. యను ప్రసార సంస్థ 1922వ సంవత్సరమున నేర్పడెను. ఆ సంస్థయొక్క నాల్గవ రేడియో శాఖ 1967వ సంవత్సరమునుండి పనిచేయుచున్నది. వార్తలు, నాటకములు, ప్రసంగములు, హాస్యము ఈ శాఖవారు శ్రోతల కిచ్చు ముఖ్యమైన పదార్థములు. ఈ శాఖనుండి 2005వ సంవత్సరము మొదలు 2008వ సంవత్సరము వఱకు “జీనియస్” అను హాస్య కార్యక్రమ మొకటి ప్రసారమయ్యెను. డేవ్ గోర్మన్ అను హాస్యప్రసంగకుఁడు దానిని నడపెను. పిమ్మట 2009, 2010 సంవత్సరములలో నది బి. బి. సి. వారి రెండవ టెలివిజను శాఖయందును గానవచ్చెను. ఇప్పు డది లేదు. నిలిచిపోయిన దానినిగూర్చి పాఠశాల పత్రికలో వ్రాయ నేల యని తల్లిదండ్రులలోఁ గొంద ఱడుగవచ్చును. తరగతిలో సామాన్యశాస్త్రమును బోధించుటకు ఆ కార్యక్రమపు పద్ధతి నా కుపకరించినట్లు అనేక పాఠ్యగ్రంథము లుపకరింపలేదు. అందుచే వ్రాయుచున్నాను.

ఆ కార్యక్రమపు క్రమ మిట్టిది. లోకమునకు మేలు చేయునని తమకుఁ దోఁచిన యూహ యెవరికైనఁ బుట్టినచో వారు దానిని వ్రాసి పంపవచ్చును. పంపువారు పండితులు కానక్కఱలేదు. వచ్చిన యూహలలో విచిత్రమైన వానిని కొన్నిటిని ఏరి, వాని కర్తలను పిలిపించి, సభయెదుట నిలిపి, “మీ యూహ యేమో వివరింపుఁడు” అని యడుగుదురు. ప్రతి ప్రసారమునకును ప్రసిద్ధికెక్కిన వ్యక్తి యొకరు అతిథిగా వచ్చి తీర్పరి స్థానమునఁ గూర్చుందురు. ప్రశ్నలు, ప్రత్యుత్తరములు, నవ్వులు ముగిసిన పిదప అతిథి తీర్పు చెప్పును: “జీనియస్” అనియో, కాదనియో. దానిపై నప్పీలు లేదు. సభికులును తమ తమ యూహలను చీటీలపై వ్రాసి యిచ్చుటకు వీలు గలదు.

జీనియస్ అను పదమునకుఁ బూర్వచరిత్ర యొకటి కలదు. ప్రాచీన రోమకులు ప్రతి మనుష్యునితోఁ గూడఁ బుట్టి యతనిని వెన్నంటి కాపాడు దేవత యొకటి కలదని నమ్మి, దానిని ఆ పేరఁ బిలిచిరి. కాలక్రమమున ఆ మాట మనుష్యుని యందలి సహజమైన యసాధారణ ప్రజ్ఞకుఁ జెల్లెను. మన యాలంకారికులు ప్రతిభ యని చెప్పిన దానికి ఇది చాల దగ్గఱి మాట. కాని ఈ కార్యక్రమమున ఆ గొప్ప పదమును ఒక చిన్న యూహకు బహుమానముగా, రెండు నిమిషముల నవ్వునకుఁ బిమ్మట, ఇచ్చివేయుదురు. హాస్యమంతయు నచ్చటనే యున్నది. సింహాసన మెక్కవలసిన మాటను ముక్కాలిపీటపైఁ గూర్చుండఁబెట్టిన ట్లన్నమాట.

రేడియోకును ఈ విధమైన వినోదమునకును మంచి పొత్తు కలదు. రేడియోలో బొమ్మ లేదు. ఊహకర్త తన యంత్రమును మాటలతోనే కట్టవలెను. శ్రోత దానిని తన మనస్సులో మరల కట్టుకొనవలెను. మాటలలోఁ గట్టిన యంత్రమునకు మర చెడిపోదు, తుప్పు పట్టదు, కొనుటకు డబ్బు చాలక నిలిచిపోదు. కనుకనే ఊహ యెంత విపరీతమైనను అది విన్నంతసేపు నడచుచునే యుండును. టెలివిజనులోనికి వచ్చినప్పుడు చూచువారికి వస్తువును చూపవలసి యుండును. చూపఁగానే దాని యతుకులు, మేకులు కనఁబడును. ఈ భేదమును మా విద్యార్థులు మఱియొక విధముగా నెఱుఁగుదురు. నోటితోఁ జెప్పిన ప్రయోగము తప్పక ఫలించును. ప్రయోగశాలలోఁ జేసిన ప్రయోగము తఱచుగా ఫలింపదు.

ఇఁక ప్రశ్నించు పద్ధతి. పరిహాసమునకు రెండు మార్గములు కలవు. ఊహ వినఁగానే “ఇది వెఱ్ఱి” యని త్రోసివేయుట యొకటి. ఇది యెవనికైనఁ జేతనగును, బుద్ధి యక్కఱలేదు. ఊహను నిజముగా నొప్పుకొని, గంభీరమైన ముఖముతో దాని వెంబడి నడచిపోయి, అది యెక్కడికిఁ దీసికొనిపోవునో చూచుట రెండవది. “సరే, మీరు చెప్పినట్లే చేసితిమి. పిమ్మట వాన వచ్చినచో నేమగును? మీ ప్రక్కయింటివారును ఇట్లే చేసినచో నేమగును?” అని యడుగుచుఁ బోవలెను. మంచి హాస్యప్రసంగకు లీ రెండవ మార్గము నవలంబింతురు. రేఖాగణితము చదివినవారు దీనిని వెంటనే పోల్చుకొనఁగలరు. యూక్లిడు తన గ్రంథమున ననేక పర్యాయములు చేసిన పని యిదియే. ఒకదానిని సత్యమని తాత్కాలికముగా నొప్పుకొని, దానినుండి న్యాయముగా వచ్చు ఫలితములను వరుసగాఁ దీసి, చివర కొక యసంబద్ధతకుఁ జేర్చును. అచ్చట “కావున నిది యసాధ్యము” అని వ్రాయుదురు. ఇచ్చట సభ నవ్వును. అంతియే భేదము.

ఉదాహరణమునకై యొక యూహను మనమే కల్పించి పరీక్షింతము. ఒక బస్సు కలదనుకొనుఁడు. దానికి నియమితమైన మార్గము లేదు. ప్రతి కూడలియందును అది నిలుచును. కండక్టరు ప్రయాణికుల వోట్లను లెక్కించును. ఎక్కువమంది యెచ్చటికిఁ బొమ్మన్న నచ్చటికిఁ బోవును. ప్రజాప్రభుత్వమును చక్రములపై నెక్కించితి మని దీని కర్త సంతోషించును. మనము నవ్వక, వెంబడించి పోదము.

బస్సులో 30 మంది కలరు. పోఁదగిన స్థలములు మూఁడు: రైలు స్టేషను, ఆసుపత్రి, బజారు. మొదటి పదిమందికి స్టేషను మిక్కిలి యిష్టము, అది కానిచో ఆసుపత్రి, అదియుఁ గానిచో బజారు. రెండవ పదిమందికి మొదట ఆసుపత్రి, తరువాత బజారు, కడపట స్టేషను. మూఁడవ పదిమందికి మొదట బజారు, తరువాత స్టేషను, కడపట ఆసుపత్రి. ఇప్పుడు కండక్టరు రెండేసి స్థలములను పోల్చి యడిగెననుకొనుఁడు. స్టేషనా, ఆసుపత్రియా? మొదటి జట్టును, మూఁడవ జట్టును స్టేషను వైపు చేతులెత్తుదురు. 20 వోట్లతో స్టేషను గెలుచును. ఆసుపత్రియా, బజారా? మొదటి రెండు జట్లును ఆసుపత్రి నెన్నుకొనును. దానికిని 20 వోట్లే. స్టేషను ఆసుపత్రికన్న మేలు, ఆసుపత్రి బజారుకన్న మేలు; కాఁబట్టి స్టేషను బజారుకన్న మేలు కావలెను గదా! అడిగి చూడుఁడు. రెండవ జట్టును, మూఁడవ జట్టును బజారు వైపునకుఁ బోవును. 20 వోట్లతో బజారే గెలుచును. ఎచ్చటికిఁ బోయినను, మఱియొక చోటు మేలని చెప్పు ఇరువదిమంది బస్సులోఁ గలరు. ప్రతి ప్రయాణికుఁడును తెలివిగలవాఁడే. ఎవని కోరికయందును తికమక లేదు. తికమక యంతయు ముప్పదిమందిని కూడినందువలనఁ బుట్టినది.

ఇది నేను కల్పించిన వింత కాదు. ఫ్రాన్సు దేశపు గణితజ్ఞుఁడు కొండొర్సే 1785వ సంవత్సరమున వోట్ల గణితమునుగూర్చి వ్రాసిన గ్రంథమున దీనిని వెల్లడించెను. ఎన్నికల శాస్త్రమునకు ఇది పునాదిఱాళ్లలో నొకటి. ఇంతతోఁ బోలేదు. కండక్టరు మాయావి యైనచో, ప్రశ్నల క్రమమును మార్చి, బస్సును తనకు వలసిన చోటికే త్రోలించుకొనఁగలఁడు. మొదట స్టేషనును, ఆసుపత్రిని పోటీపెట్టి, గెలిచినదానిని బజారుతోఁ బోటీపెట్టినచో బస్సు బజారునకుఁ బోవును. మొదట ఆసుపత్రిని, బజారును పెట్టి, గెలిచినదానిని స్టేషనుతోఁ బెట్టినచో స్టేషనునకుఁ బోవును. మూఁడవ క్రమమును మీరే చేసి చూడుఁడు. ఒక్క వోటైనను దొంగిలింపఁబడలేదు. అయినను ఫలితము కండక్టరు చేతిలో నున్నది. తరగతి నాయకుని ఎన్నుకొను దినమున దీనిని జ్ఞాపకము చేసికొన్న విద్యార్థులు లేకపోలేదు. ఆ సంగతి ప్రధానోపాధ్యాయులవారికిఁ దెలియును గనుక నిచ్చట విస్తరింపను.

బస్సు కథలో మఱియొక సంగతి కలదు. నియమిత మార్గమున నడచు బస్సు మన మాట వినదని విసుగుకొందుము. అది మన మాట వినకపోవుటయే దాని గుణము. ఎవరు చెప్పినను మార్గము మార్చదు గనుకనే, చేత మందుసీసా పట్టుకొని నాల్గవ మైలుఱాతికడ వేచియున్న ముసలమ్మకు ఆ బస్సు వచ్చునను నమ్మకము కలదు. ఈ చిన్న సత్యమును చూచుటకు ఆ వెఱ్ఱి బస్సు నెక్కవలసివచ్చినది.

హాస్యసభలో తీర్పరికి నియమములు లేవు. తనకు నచ్చినట్లు చెప్పవచ్చును. నియమములు గల తీర్పరి వేఱొకఁడు కలఁడు. అతఁడు పేటెంటు కార్యాలయపు పరీక్షకుఁడు. కనుగొన్నవాఁడు తన కల్పనను పూర్తిగా లోకమునకు వివరించి చెప్పును. అందులకుఁ బ్రతిఫలముగాఁ బ్రభుత్వము కొంత కాలము, మన దేశమున 20 సంవత్సరములు, దానిపై నతని కొక్కనికే హక్కు నిచ్చును. పేటెంటు అనఁగా నిదియే. ఆ కల్పన క్రొత్తదిగా నుండవలెను. ఆ వృత్తి తెలిసినవానికి సులభముగాఁ దోఁచునది కారాదు. పరిశ్రమలో నుపయోగింపఁదగినది కావలెను. మన దేశపు 1970వ సంవత్సరపు పేటెంటుల చట్టములో మూఁడవ సెక్షను మొదటనే, చపలమైన కల్పనలకును, స్థిరపడిన ప్రకృతి నియమములకు స్పష్టముగా విరుద్ధమైన వానికిని పేటెంటు చెల్లదని యున్నది. హాస్యసభవారు పండుగ చేసికొను సరుకునే చట్టము గుమ్మములోనికి రానీయదు.

ప్రకృతి నియమములకు విరుద్ధమైన వానిలో నెల్ల ప్రసిద్ధమైనది తనంతట తాను నిరంతరము తిరుగు చక్రము. దీనికి మన దేశముననే చాల పాత యుదాహరణము కలదు. భాస్కరాచార్యులు 1150వ సంవత్సరమున రచించిన సిద్ధాంతశిరోమణిలో, బోలుగా నున్న ఆకులలో సగమువఱకు పాదరసము పోసి మూసిన చక్రమును వర్ణించిరి. చక్రము దిగు వైపున పాదరసము అంచునకు జాఱును. ఎక్కు వైపున ఇరుసు దగ్గఱకుఁ జేరును. ఇరుసునకు దూరముగా నున్న బరువునకు త్రిప్పు బల మెక్కువ. కాఁబట్టి దిగు వైపు ఎప్పుడును గెలుచుచు చక్రము తిరుగుచునే యుండవలెనని తలంపు. తలంపు అందమైనది. లోప మెచ్చట నున్నది? బొమ్మ గీచి, ఆకులను లెక్కింపుఁడు. బరువు దూరముగా నున్న వైపున బరువులు తక్కువ. దగ్గఱగా నున్న వైపున బరువు లెక్కువ. త్రాసువంటి యుయ్యెలపలకపై సన్నని పిల్లవాఁడు కొనయందును, లావుపాటి పిల్లవాఁడు నడుమకు దగ్గఱగాను కూర్చుండి సరితూఁగుట మీ రెఱుఁగుదురు. దూరమును బరువుచే గుణించి కూడినచో రెండు వైపులు సమానమగును. చక్రము కొంచెము సేపు ఊఁగి నిలిచిపోవును. ఇరుసు రాపిడి దానిని మఱింత త్వరగా నిలుపును.

ఇట్టి చక్రములను మోసికొనివచ్చువారి సంఖ్య యంతకంత కెక్కువకాఁగా, పారిస్ నగరపు విజ్ఞాన పరిషత్తువారు 1775వ సంవత్సరమున, నిరంతర చలన యంత్రముల నిఁక పరీక్షింపమని నిర్ణయించుకొనిరి. శక్తి నశింపదు, శూన్యమునుండి పుట్టదు అను నియమమును శాస్త్రజ్ఞులు 1840 ప్రాంతమునఁ గాని స్పష్టముగా స్థాపింపలేదు. అనఁగా నియమము వ్రాయఁబడకముందే విసుగు పుట్టినదన్నమాట. ఆ విసుగు సరియైనదే కాని, నా యభిప్రాయమున, పదునాలుగేండ్ల బాలుఁడు తెచ్చిన చక్రమును అట్లు వెనుకకుఁ బంపఁగూడదు. అతనిచేతనే ఆకులను లెక్కింపించినచో, ఆ గంటలో నతఁడు నేర్చుకొను యంత్రశాస్త్రము పుస్తకమునం దొక నెలకుఁగాని రాదు.

నియమములు గల తీర్పరులును అప్పుడప్పుడు హాస్యమునకుఁ బాత్రులగుదురు. ఆస్ట్రేలియా దేశమున పేటెంటుల పద్ధతిని సులభము చేసినప్పుడు, ఆ సౌలభ్యము హద్దు మీఱినదని చూపుటకై మెల్‌బోర్న్ నగరమునందలి న్యాయవాది యొకఁడు 2001వ సంవత్సరమున వృత్తాకారమైన రవాణా సౌకర్య సాధన మను బిరుదుతో నొక దరఖాస్తు పెట్టి హక్కును సంపాదించెను. అది బండిచక్రము! ఆ సంవత్సరమే అమెరికాలో, మొదట నవ్వించి పిదప ఆలోచింపఁజేయు పనులకుఁ గాను 1991వ సంవత్సరమునుండి యిచ్చుచున్న ఇగ్ నోబెల్ బహుమానమును అతనికిని, ఆ పేటెంటు కార్యాలయమునకును కలిపి యిచ్చిరి.

అంతకన్న చిత్రమైనవాఁడు ఆర్థర్ పెడ్రిక్ అను ఆంగ్లేయుఁడు. ఈయన స్వయముగా పేటెంటు పరీక్షకుఁడై పనిచేసి విరమించినవాఁడు. విరమించిన పిదప 1962వ సంవత్సరము మొదలుకొని సుమారు పదునైదేండ్లలో నూటయేఁబదికి మించిన పేటెంటులను సంపాదించెను. ధ్రువప్రదేశపు మంచును గొట్టముల ద్వారా తెచ్చి యెడారులను తడుపుట యందొకటి. 1976వ సంవత్సరమునఁ బ్రకటితమైన మఱియొక దానిలో, ఇంటి పిల్లి వచ్చినప్పుడు మాత్రమే తెఱచుకొను చిన్న తలుపును వర్ణించెను. ఆయన పిల్లిది ఎఱ్ఱని రంగు. ప్రక్కయింటి పిల్లి నల్లనిది. తలుపు రంగును గుర్తించి యొకదానిని రానిచ్చి మఱియొకదానిని నిలిపివేయును. ఆ పత్రములోనే, అంతరిక్షమునఁ దిరుగుచు యుద్ధములను మాన్పించు మహాస్త్రమును గూర్చిన ప్రస్తావనయుఁ గలదు! చదివినవారు నవ్విరి. నేఁడు పిల్లి మెడచర్మము క్రింద నమర్చిన చిన్న చిప్పును గుర్తించి దానికి మాత్రమే తెఱచుకొను తలుపులు బజారున నమ్ముడుపోవుచున్నవి. నవ్వఁదగినది అస్త్రమే కాని తలుపు కాదు. ఒకే మనుష్యుని యొకే కాగితములో రెండును కలిసియుండెను. కాగితము నంతటిని ఒక్క మాటతోఁ గొట్టివేసినవాఁడు తలుపునుగూడఁ బోఁగొట్టుకొనెను.

జపాను దేశమునకుఁ బోయినచో హాస్యసభ మఱియొక రూపమునఁ గానవచ్చును. కావకామి కెంజి యను పత్రికా సంపాదకుఁడు 1980 తరువాతి దశకమున చిందోగు అను నొక కళను లేవనెత్తెను. చిన్ అనఁగా వింతయైనది, దోగు అనఁగా పనిముట్టు. పిల్లి నడచుచుండఁగా నేల తుడిచిపెట్టుటకై దాని పాదములకుఁ దొడుగు తుడుపుగుడ్డ చెప్పులు, సేమ్యాల వేఁడి నార్చుటకై తినుపుల్లలకుఁ గట్టిన చిన్న పంకా, జలుబు చేసినవాని తలపై నమర్చిన కాగితపు చుట్ట, ఇట్టివి ఆ సరుకులు. వీనికిఁ బది నియమములు కలవు. వస్తువు నిజముగాఁ జేయఁబడియుండవలెను. ఊరక కాగితముపై బొమ్మ గీచినఁ జాలదు. నిజమైన యుపయోగమునకు మాత్రము పనికిరాఁగూడదు. దాని నమ్మరాదు, దానికి పేటెంటు తీసికొనరాదు. ఈ పదింటిలో నాకు మిక్కిలి నచ్చినది, నవ్వించుటయే ప్రధానోద్దేశము కాఁగూడదను నియమము. నిజమైన చిక్కును నిజముగాఁ దీర్పఁబూనవలెను. ఆ ప్రయత్నమునుండి నవ్వు దానంతట నది పుట్టవలెను. వట్టి కోఁతిచేష్టలకు అచ్చట ప్రవేశము లేదు.

ఆ వస్తువులను వర్ణించి 1995వ సంవత్సరమున ఆంగ్లమునఁ బ్రకటించిన గ్రంథములో, తన ఫొటోను తానే తీసికొనుటకై కెమెరాను కొనయందమర్చిన పొడవాటి కఱ్ఱ యొకటి కలదు. పనికిరాని వస్తువుల జాబితాలో అది చేర్పఁబడెను. అంతకుఁ బండ్రెండేండ్లకుఁ బూర్వమే, 1983వ సంవత్సరమున, మినోల్టా యను కెమెరాల కంపెనీలో పనిచేయు ఉఎదా హిరోషి అట్టి కఱ్ఱకే పేటెంటు దరఖాస్తు పెట్టియుండెను. ఆయన యూరపులోఁ దిరుగుచు ఫొటో తీయుమని యొక పిల్లవాని చేతికి కెమెరా నియ్యఁగా వాఁడు దానితోఁ బాఱిపోయెనఁట. అందునుండి యూ యూహ పుట్టినది. వస్తువు తయారయ్యెను, బజారునకు వచ్చెను, కొనువారు లేరైరి. పేటెంటు 2003వ సంవత్సరమునఁ దీఱిపోయెను. పిమ్మట ముందు వైపునఁ గూడ కెమెరా గల చేతిఫోనులు వచ్చెను. నేఁడు తీర్థయాత్రకుఁ బోయిన మన పల్లెటూరి కుటుంబముల చేతులలోఁగూడ ఆ కఱ్ఱ కలదు. కఱ్ఱ మాఱలేదు. దాని చుట్టునున్న లోకము మాఱినది. 1995వ సంవత్సరమునఁ గూర్చున్న తీర్పరి “కాదు” అని యన్నచో నతనిని తప్పుపట్టుట యెట్లు? ఆ దినమున కది సరియైన తీర్పే. తీర్పు చీటీపై తేదీ వేయుట మాత్రము మఱవరాదు.

ఇఁక నవ్వునుగూర్చి తల్లిదండ్రులతో రెండు మాటలు. లండను సభలో నిలుచున్నవాఁడు పెద్దవాఁడు. నవ్వుదురని తెలిసియే, తానే చీటీ పంపి వచ్చినవాఁడు. భోజనముకడ “నాన్నగారూ, ఇట్లు చేసినచో నెట్లుండును?” అని యడుగు తొమ్మిదేండ్ల బిడ్డ నవ్వునకు సిద్ధపడి రాలేదు. ఆ బిడ్డతో కలిసి ఊహ వెంబడి నడచి, ఇద్దఱును కలిసి నవ్వుట వేఱు; బిడ్డను చూచి నవ్వుట వేఱు. ఆలేరు గ్రామవాసి చింతకింది మల్లేశముగారి సంగతి మీలోఁ బలువు రెఱుఁగుదురు. పోచంపల్లి చీరలకు ముందుగా నూలును చిలుకలపైఁ జుట్టు ఆసు పనిలో, ఒక చీరకు తొమ్మిదివేల పర్యాయములు చేయి త్రిప్పవలసియుండెను. ఆయన తల్లి లక్ష్మిగారు దినమునకు రెండు చీరల యాసు పోసి భుజము నొప్పితో బాధపడుచుండఁగాఁ జూచి, పెద్ద చదువు లేని ఆ యువకుఁడు యంత్రము చేయఁబూనెను. పనిమాలిన పని యని చుట్టుప్రక్కలవారు పరిహసించిరి; అప్పులయ్యెను. 1992 ప్రాంతమున నారంభించినది 1999వ సంవత్సరమునఁ గాని పూర్తికాలేదు. దానికి లక్ష్మీ ఆసు యంత్రమని తల్లి పేరు పెట్టెను. 2017వ సంవత్సరమునఁ బ్రభుత్వము వారు పద్మశ్రీ నిచ్చిరి. పరిహసించినవా రందఱును చెడ్డవారు కారు. వారు వేయవలసిన ప్రశ్న వేయకుండఁ దీర్పు చెప్పిరి, అంతియే. “నూలు ఎచ్చటఁ దెగుచున్నది? చేయి చేయు పనిలో యంత్రమున కందని భాగమేది?” అని యడిగినవాఁ డొక్కఁడున్నను ఆ యేడేండ్లలో నొకటి రెండైనను తగ్గియుండెడివేమో.

మా తొమ్మిదవ తరగతిలో వారమున కొక గంట ఈ పరీక్షకుఁ గేటాయించితిమి. చీటీపై పేరు వ్రాయ నక్కఱలేదు. ఒకసారి “మాటలాడు కుండ” అని మాత్రమే వ్రాసిన చీటీ వచ్చెను. తరగతి యంతయు గొల్లుమనెను. ఎవరిదని యడుగక, వెంబడించి పోదమంటిని. ఎవరితో మాటలాడును? ఏమని? ఎప్పుడు? మూఁడవ ప్రశ్నకు వెనుకవరుసనుండి యొక బాలిక లేచి, కుండలో నీరు తగ్గినప్పుడు అని మెల్లగాఁ జెప్పెను. ఆమె నాయనమ్మకుఁ జూపు పోయినది. పగలు ఇంట నెవరు నుండరు. నీ రెంత యున్నదో తెలియక చేయి ముంచి చూచును. లేదా చుట్టుపట్ల వారిని పిలువ మొగమాటపడి దాహముతో నుండును. తరగతి నిశ్శబ్ద మయ్యెను. పిమ్మట పని యారంభమయ్యెను. బ్యాటరీ, గంట, తీగలు అని యొకఁ డనెను. తడిలో తీగలు నిలువవని మఱియొకఁ డనెను. కొస కేమైనదనఁగా, మూఁతకు నడుమ రంధ్రము చేసి, అడుగున బెండు కట్టిన సన్నని వెదురుపుల్లను దానిలోనుండి నిలిపిరి. నీరు నిండుగా నున్నప్పుడు పుల్ల జానెడు పైకి నిలుచును, తగ్గినకొలఁది దిగును, ముసలమ్మ పుల్లను తాఁకి తెలిసికొనును. కుండ మాటలాడలేదు. ఆ మూఁత మాత్రము ఆ యింట నేఁటికిని వాడుకలో నున్నది.

ఆంగ్ల చిత్రకారుఁడు హీత్ రాబిన్సన్ (1872–1944) చిన్న పనికిఁ బెద్ద యంత్రములను, కప్పీలతోను, ముడివేసిన త్రాళ్లతోను చిత్రించి, అట్టి గజిబిజి యంత్రములకుఁ దన పేరే వాడుక యగునంతటి ప్రసిద్ధిని పొందెను. వెదురుపుల్ల ముందు మా తరగతివారు బల్లపై గీచిన మొదటి నాలుగు బొమ్మలును ఆయన చూచినచో సంతోషించి యుండును. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1943వ సంవత్సరమున, శత్రువుల రహస్యలిపిని విప్పుటకు ఇంగ్లండులోఁ గట్టిన యంత్రమునకుఁ బనివారు ఆయన పేరే పెట్టిరని యిచ్చటఁ జెప్పుట యప్రస్తుతము కాదు. చూచుటకు నవ్వు వచ్చునదియైనను అది పనిచేసెను.

సెలవులలో ఆలోచించుటకై విద్యార్థులకుఁ గొన్ని చీటీలను విడిచిపెట్టుచున్నాను. అన్నియు మీ తోడి విద్యార్థులు వ్రాసినవే. వాన నీటిని పట్టి సీసాలోనికిఁ బంపు గొట్టము గల గొడుగు: ఒక గంట వానలో నది యెంత నీరు పట్టునో, గొడుగు వైశాల్యమును, వానమాపకపు లెక్కను తీసికొని గణింపుఁడు, మోయువాని చేయి ఆ బరువును భరించునో లేదో పిదపఁ జెప్పుఁడు. పరీక్షలో వ్రాసిన యుత్తరములకు విద్యార్థులే యొకరి కొకరు మార్కులు వేయుట: బస్సు కథను జ్ఞాపకము చేసికొనుఁడు. కడపటిది యొక ఏడవ తరగతి బాలునిది. గాలి లేని దినమున తెరచాప పడవ కదలదు గనుక, పడవలోనే పెద్ద పంకా నమర్చి, దానిచేత తెరచాపపైకి గాలి విసరించినచో నేమగును? న్యూటను మూఁడవ నియమమును అప్పగించి, కదలదని తొందరపడి వ్రాసినవారికి నేను మార్కు లియ్యను. చాపకుఁ దగిలిన గాలి యెటు మరలిపోవుచున్నదో చూడవలసియున్నది. ఆటబొమ్మల బ్యాటరీ పంకాను, తేలు బెండు ముక్కను, కాగితపు చాపను తీసికొని, వెడల్పాటి నీళ్లతొట్టిలోఁ జేసి చూడుఁడు. చాపను బల్లపరుపుగా నొకసారియు, వంచి దోసిలివలె నొకసారియు అమర్పుఁడు. రెంటికిని పడవ యే వైపునకు, ఎన్ని అంగుళములు పోయెనో వ్రాసికొని, పాఠశాల తెఱచిన మొదటి దినమున నా కియ్యుఁడు.